కడప బేసిన్‌లో సీసం, రాగి అన్వేషణ: ముందు ఐపీ సర్వేనా, మట్టి నమూనాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. కడప బేసిన్ ఈశాన్య భాగంలో, డోలమైటు (సున్నపురాయి లాంటి రాయి), షేలు (బంకమన్ను గట్టిపడి ఏర్పడిన పొరల రాయి), క్వార్ట్‌జైటు పొరలున్న చోట, సీసం, రాగి అన్వేషణకు మీ సంస్థకు ఒక బ్లాకు దక్కింది. బడ్జెటు పరిమితం. బ్లాకు మొత్తం మీద ఐపీ (ఇండ్యూస్డ్ పోలరైజేషన్, నేలలోకి కరెంటు పంపి కొలిచే పద్ధతి) సర్వే చేయించి, అనామలీ (చుట్టుపక్కలకన్నా తేడాగా ఉన్న కొలత) కనిపించిన చోట నేరుగా డ్రిల్లింగుకు వెళ్దామని మీ పైవారు అంటున్నారు. ముందు మట్టి నమూనాలు తీయాలని మీ వాదన. ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే, చేతిలో ఇమిడే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఒకటి కొంటే లాబొరేటరీ ఖర్చు తప్పుతుందా అని చివర్లో అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు వర్ణించిన నేలలో ముందు భూరసాయన నమూనాలు, వాటితోపాటు తక్కువ ఖర్చుతో అయిపోయే మాగ్నెటిక్ సర్వే. ఐపీ ఆ తర్వాతే, అదీ ఎంచుకున్న లైన్ల మీదనే. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం లాబొరేటరీకి తోడు అవుతుందే తప్ప దాని స్థానాన్ని తీసుకోలేదు. అయితే ఈ వరుసను అన్ని చోట్లకూ వర్తించే సూత్రంగా తీసుకోకండి. మీ బ్లాకులో రాయి పైకి తేలి ఉందా, లేక నల్లరేగడి, ఒండ్రు కింద కప్పబడి ఉందా అన్నదాన్ని బట్టి వరుస తలకిందులు కూడా కావచ్చు. ఆ సంగతి కిందికి వస్తుంది.

ముందు కారణం. భూభౌతిక పరికరం ఏదైనా సరే, అది కొలిచేది లోహాన్ని కాదు, రాతికున్న ఒక భౌతిక గుణాన్ని. ఐపీ సర్వేలో నేలలోకి కరెంటు పంపి, ఆపిన తర్వాత ఓల్టేజి ఎంత నెమ్మదిగా తగ్గుతుందో చూస్తాం. కరెంటును మోసే ఖనిజపు రేణువుల అంచుల దగ్గర ఆవేశం పోగుపడుతుంది కాబట్టి, సల్ఫైడు ఖనిజాలు చెదురుమదురుగా ఉన్న రాతిలో ఈ తగ్గుదల నెమ్మదిస్తుంది. అందుకే ఐపీకి అంత పేరు. కానీ గ్రాఫైటు రేణువు కూడా ఇదే పని చేస్తుంది, చాలాసార్లు ఇంకా గట్టిగా చేస్తుంది. ఆర్థికంగా ఏ విలువా లేని పైరైటు కూడా చేస్తుంది. కొన్ని రకాల బంకమన్ను కూడా కొంతమేరకు చేస్తుంది. వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ప్రాంతాన్నే తీసుకోండి. బండలమొట్టులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రాగి, సీసం దొరికిన పట్టీ అది. బండలమొట్టు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ కొన్నేళ్లు నడిపింది, తర్వాత అది మూతపడింది. సీసపు ఖనిజం డోలమైటులో ఉంటుంది. ఆ డోలమైటు ఉన్న కంభం శిలాశ్రేణిలోనే కర్బనం కలిసిన నల్లటి షేలు పొరలు కూడా ఉంటాయి. బ్లాకు మొత్తం మీద ఐపీ చేస్తే, ఆ షేలు పొరలు కిలోమీటర్ల పొడవునా మ్యాపులో ఎర్రగా వెలుగుతాయి. అసలు వెతుకుతున్న ఖనిజపు కటకం (మధ్యలో లావుగా, అంచుల్లో పలచగా ఉండే ఖనిజపు ముద్ద) వాటి పక్కన చిన్న మచ్చగా ఉంటుంది, లేదా వాటిలోనే కలిసిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని పైవారికి తప్పక చెప్పండి. సీసం ఖనిజమైన గెలీనా కరెంటును బాగానే మోస్తుంది. జింకు ఖనిజమైన స్ఫాలరైటు, ముఖ్యంగా ఇనుము తక్కువగా ఉన్న లేతరంగు స్ఫాలరైటు, దాదాపు మోయదు. అంటే ఐపీలో జింకు కనిపించిందని ఎవరైనా అంటే, నిజానికి కనిపించింది దానితోపాటు ఉన్న పైరైటో గెలీనానో అయి ఉంటుంది. పైరైటు లేని మంచి జింకు కటకం మీదుగా లైను వెళ్లినా మీకు ఏమీ తెలియకపోవచ్చు.

అలాగని గ్రాఫైటు అనామలీ అనగానే కొట్టిపారేయకూడదు. రాజస్థాన్‌లో 1977లో బయటపడిన రాంపురా ఆగుచా, ప్రపంచంలోని పెద్ద సీసం, జింకు నిక్షేపాల్లో ఒకటి; దాని ఖనిజం ఉన్న రాయే గ్రాఫైటు కలిసిన నైసు, షిస్టు. దాని ఉనికిని ముందుగా చెప్పింది ఉపరితలం మీది గోసాన్, అంటే సల్ఫైడులు తుప్పుపట్టి మిగిలిన ఇనుప ఆక్సైడు రాయి. అక్కడ ఐపీ ఒక్కటే ఉంటే, మొత్తం గ్రాఫైటు అని వదిలేసే ప్రమాదమూ ఉంది, మొత్తం ఖనిజమని పొంగిపోయే ప్రమాదమూ ఉంది. సీసం, జింకు ఎక్కడున్నాయో చెప్పగలిగింది రసాయన పరీక్షే.

గ్రాఫైటునూ ఖనిజాన్నీ వేరుచేయడానికి నేను ముందుగా చూసేది రెసిస్టివిటీ, అంటే రాయి కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. ఐపీతోపాటు ఆ అంకె ఎలాగూ వస్తుంది. ఛార్జబిలిటీ (ఐపీలో ఆవేశం ఎంత పోగుపడిందో చెప్పే కొలత) బాగా ఎక్కువ, రెసిస్టివిటీ పది ఓమ్ మీటర్ల స్థాయికి పడిపోయింది, పైగా అనామలీ పొరల దారిలోనే తెగకుండా సాగిపోతోంది అంటే, అది కర్బన షేలు కావడానికే ఎక్కువ అవకాశం. డోలమైటులో చెదిరి ఉన్న సల్ఫైడైతే ఛార్జబిలిటీ మధ్యస్థంగా ఉండి, రెసిస్టివిటీ వందల నుంచి వేల ఓమ్ మీటర్లలో నిలుస్తుంది, అనామలీ పొట్టిగా తెగిపోతుంది. ఇక రసాయన పరీక్షలో నల్ల షేలు తనంతట తానే జింకు, రాగిని కాస్త ఎక్కువగా చూపిస్తుంది. అయితే వాటితోపాటు వెనేడియం, మాలిబ్డినం, నికెల్ కూడా లేస్తాయి. సీసం, వెండి కలిసి లేచి, జింకుతోపాటు కాడ్మియం లేచి, వెనేడియం మామూలుగా ఉంటే అప్పుడు నా ఆసక్తి పెరుగుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో మ్యాపు మీద అందరినీ ఆకట్టుకున్న ఐపీ అనామలీకి మట్టిలో వెనేడియం తోడుగా వచ్చింది. డ్రిల్లింగు యంత్రాన్ని పిలవకముందే అడ్డంగా ఒక ట్రెంచి తవ్వించాం. చేతికి నల్లగా అంటుకునే షేలు రెండు మూడు మీటర్ల లోతులోనే కనిపించింది. ట్రెంచి ఖర్చు బోరు ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఇప్పుడు మట్టి నమూనాల సంగతి. మీ బ్లాకులో డోలమైటు ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. సల్ఫైడు ఖనిజాలు గాలి, నీరు తగిలి కుళ్లినప్పుడు ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లంలో లోహాలు కరిగి దూరం వెళతాయి. డోలమైటు ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. ఫలితంగా రాగి పచ్చటి మాలకైటుగానూ, సీసం సెరుసైటుగానూ దగ్గరలోనే స్థిరపడతాయి. అంటే లోహపు జాడ బలంగా ఉంటుంది గానీ వెడల్పు తక్కువ. గ్రానైటు ప్రాంతంలో సరిపోయే నమూనాల దూరం ఇక్కడ సరిపోదు. లైన్ల మధ్య 200 మీటర్లు, లైను మీద 50 మీటర్లతో మొదలుపెట్టి, జాడ తగిలిన చోట 100 మీటర్లు, 25 మీటర్లకు దగ్గర చేయడం నా అలవాటు. లైన్లు పొరల స్ట్రైకుకు, అంటే పొరలు నేల మీద సాగే దిక్కుకు అడ్డంగా ఉండాలి. జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ) జాతీయ భూరసాయన పటాల దత్తాంశంలో 2 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు గడికి ఒక విశ్లేషణ ఉంటుంది. అది ప్రాంతీయ చిత్రానికి అమూల్యం, కానీ అందులో మీ గడి ఖాళీగా కనిపించినంత మాత్రాన ఇరుకైన ఖనిజపు కటకం అక్కడ లేదని అర్థం కాదు.

తీసే పద్ధతిలో చిన్న చిన్న విషయాలే ఫలితాన్ని పాడుచేస్తాయి. పైమట్టిని పక్కకు తోసి, వేళ్లు, ఆకుల కుళ్లు దాటిన ఎర్రని పొర నుంచి తీయాలి, సాధారణంగా ఒక అడుగు లోతు. జింకు పూత పూసిన ఇనుప జల్లెడ వాడితే మీ జింకు అంకెలన్నీ జల్లెడవే అవుతాయి. నైలాన్ జల్లెడో స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడో వాడండి. నమూనా తీసేవారి చేతికి ఉంగరాలు ఉండకూడదు. ప్రతి ఇరవై నమూనాలకు ఒక నకలు, లోహాలు లేవని తెలిసిన ఒక ఖాళీ నమూనా, విలువ ముందే తెలిసిన ఒక ప్రామాణిక నమూనా చొప్పున, లాబొరేటరీకి తెలియని సంఖ్యలతో కలిపి పంపండి. ఇది లాబొరేటరీ మీద అనుమానంతో చేసేది కాదు. రెండేళ్ల తర్వాత ఎవరైనా మీ అంకెలను ప్రశ్నిస్తే చూపించడానికి ఉండే ఒకే ఒక సాక్ష్యం అది.

ప్రతి అనామలీ ఖనిజం కాదు, మనిషి చేతి పని కూడా కావచ్చు. పల్నాడు వైపు మిరప, నిమ్మ, బత్తాయి తోటల్లో రాగి కలిసిన శిలీంద్రనాశకాలు ఏళ్ల తరబడి చల్లి ఉంటారు. పాతకాలపు గని గుంతలున్న చోట లోహం కరిగించిన చిట్టెం దిబ్బలు వాన నీటితో కిందికి జారుతాయి. అలాంటి ఒక చోట మాకు వచ్చిన సీసపు అనామలీ వాలు వెంట పొడవుగా ఉండి, పొరల దిక్కుతో పొంతన లేకుండా పోయింది. అక్కడ నాలుగైదు గుంతలు తవ్వించి, పైనుంచి కిందికి వరుసగా నమూనాలు తీశాం. పైన ఎక్కువగా ఉన్న సీసం లోతుకు వెళ్లేకొద్దీ తగ్గింది. అంటే అది పైనుంచి వచ్చి చేరినది. లోతుకు వెళ్లేకొద్దీ పెరిగితే మూలం కింది రాతిలో ఉందని అర్థం. అనామలీ చేలల్లో ఉన్నప్పుడు ఈ గుంతల పని కోతలయ్యాక పెట్టుకోండి, రైతు అనుమతి కాగితం మీద తీసుకోండి. యంత్రాలు, తవ్వకం చూడగానే నిధి కోసం వచ్చారన్న మాట ఊళ్లో పుట్టకమానదు. మొదటిరోజే గ్రామ సచివాలయంలో పని వివరం చెప్పి పెడితే సగం తలనొప్పి తప్పుతుంది.

అనామలీ అనడానికి హద్దు ఎక్కడ గీయాలన్నది కూడా చాలామంది యాంత్రికంగా చేసే పని. అన్ని నమూనాల సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు కలిపి, అంతకు పైనున్నదంతా అనామలీ అని రంగు పూసేస్తారు. గ్రానైటు మీది మట్టిలో రాగి 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) అటూ ఇటూ ఉంటే, డోలరైటు డైకు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాతి గోడ) మీద ఏ ఖనిజమూ లేకుండానే 100 పీపీఎం దాకా ఉండవచ్చు. రెంటినీ కలిపి సగటు తీస్తే, డైకులన్నీ రాగి గనులుగా కనిపిస్తాయి, గ్రానైటులోని 70 పీపీఎం అసలైన జాడ కనిపించకుండా పోతుంది. నమూనాలను కింది రాతిని బట్టి విడదీసి, ఒక్కో రాతికి ఒక్కో నేపథ్య విలువ పెట్టుకోండి. అందుకు రాతి పటం సరిగా ఉండాలి. మాగ్నెటిక్ సర్వేను మొదటే చేయమన్నది ఇందుకే: అది ఖనిజాన్ని చూపించకపోయినా, మట్టి కింద డైకులు, భ్రంశాలు (రాతి పొరలు తెగి జరిగిన చోట్లు) ఎటు పోతున్నాయో చెబుతుంది.

మాగ్నెటిక్ విషయంలో ఒక హెచ్చరిక. కెనడా, ఆస్ట్రేలియా పాఠ్యపుస్తకాల్లో అయస్కాంత గుణమున్న రాతి మీద గుండ్రంగా ఎత్తు కనిపిస్తుంది. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రపు వంపు 20 డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే. అందుకే ఇక్కడ రాతి మీద లోటు, దానికి దక్షిణాన ఎత్తు కనిపించడం మామూలు. ఎత్తు శిఖరం మీద బోరు వేస్తే రాతి పక్కనుంచి పోతారు. పైగా ఉత్తర దక్షిణాలుగా సాగే డైకు, చివర్లలో తప్ప, దాదాపు ఏ గుర్తూ ఇవ్వకపోవచ్చు. అనంతపురం వైపు వజ్రకరూరు కింబర్లైటు (వజ్రాలుండే రాయి) ప్రాంతంలో పనిచేసినవారికి ఈ చిక్కు బాగా తెలుసు. మరో విషయం, పగటిపూట క్షేత్రం తనంతట తానే పదుల నానోటెస్లాలు మారుతుంది, అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరవడం వల్ల మనకు ఆ మార్పు ఎక్కువ. ఆ మార్పును ఒకేచోట ఉండి కొలిచే బేస్ స్టేషను లేకుండా సర్వే చేస్తామన్న వారికి పని ఇవ్వకండి.

ఇక వరుస తలకిందులయ్యే సందర్భం. మీ బ్లాకులో కొంత భాగం నల్లరేగడి కింద గానీ, వాగు తెచ్చి పోసిన ఒండ్రు కింద గానీ, ఖనిజంతో సంబంధం లేని మందపాటి క్వార్ట్‌జైటు కింద గానీ ఉంటే, అక్కడ పైమట్టి కింది రాతి గురించి సాక్ష్యం చెప్పదు, ఎక్కడో పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి గురించి చెబుతుంది. ఆ భాగంలో ముందు భూభౌతికమే. దక్షిణ ఆస్ట్రేలియాలో 1975లో దొరికిన ఒలింపిక్ డ్యామ్ నిక్షేపం 300 మీటర్లకు పైగా మందమున్న, ఏ జాడా లేని పొరల కింద ఉంది. గురుత్వ, అయస్కాంత అనామలీలు రెండూ ఒకేచోట కనిపించడం, దానికి ఒక భూవిజ్ఞాన ఊహ తోడవడం వల్ల అక్కడ బోరు వేశారు. ఆశ్చర్యమేమిటంటే, అక్కడి అయస్కాంత అనామలీకి అసలు కారణం ఆ ఖనిజం కాదని తర్వాత తేలింది. ఇలాంటి కథలు చూపించి మీ పైవారు వాదించవచ్చు. పైకి తేలిన డోలమైటు కొండల మీద ఆ వాదన నిలవదు. రేగడి కప్పిన భాగానికి మాత్రం వారి మాటే సరైనది, అక్కడ మీరు ఒప్పుకోవాలి.

ఐపీకి వచ్చేసరికి కాంట్రాక్టులో ఏం రాయించుకోవాలో చూద్దాం. డైపోల్ డైపోల్ అమరికలో (ఎలక్ట్రోడ్లను జతలుగా నాటే పద్ధతి) 50 మీటర్ల డైపోల్, ఆరు స్థాయిల వరకు తీస్తే, కొలత ప్రభావవంతంగా చేరే లోతు 100 మీటర్లు కూడా ఉండదు. దాని నుంచి 250 మీటర్ల లోతుకు రంగుల చిత్రం గీసి ఇచ్చేవారున్నారు. ఆ కింది భాగం కంప్యూటరు ఊహ. రంగుల చిత్రంతోపాటు ముడి కొలతలు, డికే వంపులు (ఓల్టేజి తగ్గుదల గీతలు) కూడా ఇవ్వాలని రాయించండి. వేసవిలో ఎండిన నేలలో ఎలక్ట్రోడ్లకు కరెంటు దిగదు, ఉప్పునీళ్లు పోసినా కష్టమే. వానలు తగ్గి తేమ ఇంకా ఉన్న అక్టోబరు నుంచి జనవరి వరకు పని బాగా సాగుతుంది. బోరుబావుల ఇనుప కేసింగులు, ఇనుప కంచెలు, మోటారు లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లైను మీద గుర్తు పెట్టించండి, లేకపోతే ఒక బోరుబావి మీద ఇంకో బోరు వేసే ముచ్చట జరుగుతుంది.

వీటన్నిటికన్నా ముందు దాదాపు ఖర్చులేని పని ఒకటుంది, ఎందుకో ఎవరూ చేయరు. మీ బ్లాకులోని డోలమైటు, షేలు, క్వార్ట్‌జైటు, దొరికితే ఖనిజమున్న రాయి, ఒక్కోటి కొన్ని ముక్కలు తెచ్చి వాటి సాంద్రత, అయస్కాంత గ్రాహ్యత, రెసిస్టివిటీ, ఛార్జబిలిటీ కొలిపించండి. ఖనిజమున్న రాతికీ, చుట్టూ ఉన్న రాతికీ తేడా లేని గుణాన్ని కొలిచే సర్వేకు డబ్బు పెట్టడం అనవసరం. అలాగే జీఎస్ఐ వారి భూకోశ్, 2023 డిసెంబరులో మొదలైన జాతీయ భూవిజ్ఞాన దత్తాంశ భాండాగారం పోర్టల్, ఈ రెంటిలో మీ ప్రాంతపు పాత నివేదికలు, విమాన సర్వే దత్తాంశం ఏమున్నాయో వెతకండి. కడప బేసిన్ మీద 1960ల చివర్లోనే ఆపరేషన్ హార్డ్‌రాక్ పేరుతో విమాన సర్వేలు జరిగాయి. పాత బోరుల లాగులు (ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసిన రికార్డులు) దొరికితే అవి కొత్త సర్వేకన్నా విలువైనవి.

డ్రిల్లింగు పాయింటును ఐపీ నేరుగా చెబుతుందా అన్న ప్రశ్నకు నా సమాధానం: మట్టిలో లోహం, కింద భౌతిక అనామలీ, ఆ రెంటినీ కలిపే రాతి నిర్మాణం, ఈ మూడూ పొంతన కుదిరిన చోట మొదటి బోరు వేయండి, పొరల వాలుకు ఎదురుగా వంచి వేయండి. అనామలీ ఎంత అందంగా ఉన్నా దాని ఆధారంగా నిల్వల అంకె రాయకూడదు. జీ4 (ప్రాథమిక పరిశీలన) నుంచి జీ1 (వివరమైన అన్వేషణ) వరకు ఉన్న అన్వేషణ దశల్లో పైకి వెళ్లేకొద్దీ బోరుల సాక్ష్యమే అడుగుతారు. బోరులో ఖనిజం తగిలిందంటే భూభౌతికం పని అక్కడితో అయిపోయినట్టు కాదు. ఖనిజం తగిలిన చోటే ఎలక్ట్రోడు దించి, నేల మీద ఓల్టేజి పంపిణీని కొలిస్తే ఆ ఖనిజం ఎటు సాగుతోందో తెలుస్తుంది, తర్వాతి బోరులు దాన్నిబట్టి పెట్టుకోవచ్చు. గని మొదలయ్యాక కూడా ఈ పద్ధతులు నిత్యావసరాలే. గోదావరి లోయ బొగ్గు గనుల్లో బోరు లాగింగు (బోరులోకి పరికరం దించి కొలవడం) దీనికి మంచి ఉదాహరణ: బొగ్గు పొర దగ్గర సాంద్రత, సహజ గామా కిరణాలు రెండూ పడిపోతాయి, రెసిస్టివిటీ లేస్తుంది, కోర్ (బోరు నుంచి తీసిన రాతి కడ్డీ) సరిగా రాకపోయినా పొర మందం సెంటీమీటర్లలో తెలుస్తుంది. నీళ్లు నిండిన పాత గనుల గ్యాలరీలను ముందే పసిగట్టడానికి కూడా రెసిస్టివిటీ పనికొస్తుంది. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయిన ఘటన తెలిసినవారికి ఈ పని విలువ వేరే చెప్పనవసరం లేదు.

చివరిగా ఎక్స్‌ఆర్‌ఎఫ్. రాగి, జింకు, సీసం విషయంలో అది నిజంగా ఉపయోగపడుతుంది. ఎండబెట్టి జల్లించిన మట్టి మీద సాయంత్రానికల్లా అంకెలు చూసుకుని, మర్నాడు లైన్లు ఎక్కడ దగ్గర చేయాలో నిర్ణయించుకోవచ్చు. తడి మట్టి మీద పెడితే అంకెలు తక్కువ చూపిస్తుంది. సీసం ఎక్కువున్న చోట అది చెప్పే ఆర్సెనిక్ అంకెను నమ్మవద్దు, ఎందుకంటే ఆ రెండు మూలకాల ముఖ్య గీతలు 10.5 కిలో ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గర దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. మట్టిలో బంగారాన్ని, ఒక పీపీఎం కన్నా తక్కువగా ఉండే వెండిని అది పట్టలేదు. కొనేముందు అద్దెకు తీసుకుని, అదే నమూనాల్లో కొన్నింటిని లాబొరేటరీకి కూడా పంపి, రెండు అంకెలనూ గ్రాఫు మీద పెట్టి చూడండి. మీ మట్టికి ఆ యంత్రం ఎంత తేడాతో చదువుతోందో తెలిశాక కొనాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.